విద్యాధర్ సార్ హుందా ఇంగ్లీషు

సుల్తానాబాద్‌లో తహసీల్ ఆఫీసు ఎదురుగా నాది జిరాక్స్ షాపు. నా అరుగు మీదే కుర్చీ వేసుకుని పదకొండేళ్లుగా ఇంగ్లీషు అర్జీలు రాస్తున్నాడు విద్యాధర్ సార్. చుట్టుపక్కల ఊళ్లలో ఆయనకు పెద్ద పేరు. ఆ పేరు ఎట్లా వచ్చిందో నాకు తెలుసు. ఆయన రాసింది చదివి అర్థం చేసుకోగలిగినవాడు ఇటువైపు రాలేదు, అంతే. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం.

ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఒళ్లో అట్ట చిరిగిన డిక్షనరీ. నోరు తెరిస్తే 'హుందా'. రేషన్ కార్డులో పేరు తప్పు పడింది, దిద్దించమని రాయమంటే, అర పేజీ విచారం వెలిబుచ్చి, అసలు పేరేమిటో రాయడం మరిచిపోయిన ఘనుడు.

మొన్న జూన్‌లో అంతయ్య తన కోడలు అలేఖ్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన కొడుకు అరుణ్ డ్రైవర్ పనికని గల్ఫ్ పోతే, అక్కడ గోదాంలో మూటలు మోయిస్తున్నారు. ఇంకో రెండేళ్లు మూటలే మోస్తానని ఒప్పుకున్నట్టు కాగితం మీద వేలిముద్ర కూడా తీసుకున్నారు. పిల్లవాడికి నడుము పోయింది, ఇంటికి రావాలి. కార్మికుల ఫిర్యాదులు చూసే ఆఫీసుకు అతని పేరు మీద ఇంగ్లీషులో అర్జీ పంపితే విడిపిస్తారట. అలేఖ్య ఫోన్‌లో అరుణ్ మాటలు వినిపించింది.

"నేను ముద్ర పెట్ట అన్న బాపూ. ఇద్దరు నా రెక్కలు వట్టుకున్నరు. ఒకడు బొటనేలు గుంజి కాయితం మీద ఒత్తిండు."

సార్ కళ్లు మూసుకున్నాడు. "ఫోర్స్‌డ్ అని రాయొచ్చు. కానీ అది పోలీసోళ్ల మాట, మొరటుగ ఉంటది. కంపెల్డ్ అంటే కోర్టు వాసన. ప్రెస్డ్ అంటే ఇస్త్రీ చేసినట్టుంటది. ఆఁ... పర్స్వేడెడ్! ఎంత హుందాగ ఉన్నది!"

"గదంటే ఏంది సారూ?" అడిగింది అలేఖ్య.

"గదంతా నీకెందుకమ్మా? చదివెటోళ్లకు తెలుస్తది."

నచ్చజెప్పి ఒప్పించడాన్ని పర్స్వేడ్ అంటారని నాకు తెలుసు. డిగ్రీ తప్పినా ఆ మాత్రం వచ్చు. అయినా నోరు మూసుకుని ప్రింటు తీసిచ్చాను. ఆయన అలిగి కుర్చీ ఎత్తుకుపోతే నా గిరాకీ పోతుందని భయం. నా మీద నాకు ఇప్పటికీ అసహ్యమే.

నెలకు జవాబొచ్చింది. ఈసారి ఉన్నదున్నట్టు చదివి చెప్పాను. 'నచ్చజెబితే ఒప్పుకున్నానని మీరే రాశారు. ఇందులో బలవంతం లేదు. సవరణ ఉంటే పది రోజుల్లో పంపండి, లేకుంటే ఫిర్యాదు మూసేస్తాం.' నేనే దిద్దుతానన్నాను. అంతయ్య వద్దన్నాడు.

"రాసినోనితోనే దిద్దిపిస్త."

రాసినవాడు మాత్రం జవాబు కాగితం చూసి పెదవి విరిచాడు. "వాళ్లకు ఇంగ్లీషు రాదు. నా మాటకేం తక్కువైంది? నేను దిద్ద."

అంతయ్య నా బల్ల మీది స్టాంపు ప్యాడు మూత తీసి, సార్ మణికట్టు పట్టుకుని, బొటనవేలు సిరాలో అద్ది, ఆ కాగితం వెనక ఒత్తాడు. నలభై ఏళ్లు నాగలి పట్టిన చెయ్యి అది. సార్ ఎంత గింజుకున్నా వదల్లేదు. డిక్షనరీ, పెన్నులు, హుందాతనం అన్నీ కింద పడ్డాయి.

"డోంట్ ఫోర్స్ మీ! నన్ను ఫోర్స్ చేస్తున్నవ్!" అని అరిచాడు సార్.

పదకొండేళ్లలో ఆయన నోట వచ్చిన మొదటి సరైన ఇంగ్లీషు మాట అదే.

అంతయ్య చెయ్యి వదిలి, ప్యాడు మూసి పక్కన పెట్టాడు. "గదే రాయి సారూ. నా కొడుకు గూడ గిట్లనే ఒర్లిండు."

సార్ వేలు చొక్కాకే తుడుచుకున్నాడు. డిక్షనరీ ఏరుకుని, తెల్ల కాగితం ముందు పెట్టుకుని, పెన్ను మూత తీశాడు. కాసేపు ఆలోచించాడు.

"'స్ట్రాంగ్లీ పర్స్వేడెడ్' అంటే ఎట్లుంటది అంతయ్యా? గట్టిగ ఉంటది, హుందాగ గూడ ఉంటది."

అంతయ్య స్టాంపు ప్యాడు మూత మళ్లీ తీశాడు.