మామ మెట్లు దిగిన రోజు

నిన్న చీరల దుకాణంలో బేరం కుదరక మెట్లు దిగాను. వెనక్కి పిలవగానే తిరిగి ఎక్కాను. దుకాణదారుల ఇంట్లో పుట్టినదాన్ని మరి!

చిన్నప్పుడు నకిరేకల్‌లో, మా నాన్న, అంటే బాపు, నడిపే బెల్లం దుకాణంలో మా మేనమామ కూడా ఇలాగే మెట్లు దిగాడు. ఆయన పద్యాలు, నాటకాలు రాసేవాడు. కోస్తా నుంచి వచ్చిన నాటక కంపెనీ యజమాని అక్కడ ఆయన నాటకం చదివి, "కథ బాగుందండీ. కానీ గొర్రెలకాపరి మీ ఊరి యాసలో దొరను నిలదీస్తే జనం నవ్వుతారు. పుస్తక భాషలోకి మార్చండి, ఆడిస్తాం," అన్నాడు.

"మావోళ్లు గట్లనే మాట్లాడుతరు. నవ్వెటోళ్లను నవ్వనియ్యి," అని మామ కాగితాలు చంకన పెట్టుకుని మెట్లు దిగాడు.

బేరం పండిందని మురిసిపోయాను. "ఇగ పిలుస్తడు సూడు బాపూ!"

నిజంగానే పిలిచాడు. "సగం మార్చినా చాలండీ!"

మామ ఆగలేదు.

"పిలిచినా పోతుండేంది?"

"మీ మామ బేరానికి రాలే బిడ్డా," అన్నాడు బాపు. నాకప్పుడు అర్థం కాలేదు.

ఆ నాటకాన్ని మామే సంతలో, మా బెల్లం గోనెలు తెరగా కట్టి ఆడించాడు. కాపరి వేషగాడు దొర ముందు నిలబడి, "నా గొర్లను నాకియ్యి," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ముందు కూర్చున్న ఒక అవ్వ కర్ర పట్టుకుని లేచింది.

"ఇంకింత గట్టిగ అడుగు కొడుకా!"