ఉప్పు చూసిన గిన్నె

మా నాయనకు దేవుడు ఒక్కడే గానీ, గొంతు మాత్రం పదిమందికి సరిపోయేంత. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీకి పనివాళ్లను తీసుకెళ్లే బస్సు నడుపుతాడు. ఇంజను చప్పుడు మీద అరిచీ అరిచీ ఆయనకు మెల్లగా మాట్లాడటమే చేతకాకుండా పోయింది. ప్రార్థనా అదే గొంతుతో. కంచం ముందు కూర్చున్నాడంటే తడలో ఉండే మేనత్త చక్కెర జబ్బు దగ్గర మొదలుపెట్టి, పూతలపట్టులో మామ ఆవు ఈనడం దాకా అన్నీ దేవుడికి వివరంగా విన్నవించుకుంటాడు. అప్పటికి సంగటి గట్టిపడిపోతుంది. నాకేమో ఒళ్లు మండిపోతుంది.

తిరుపతిలో, అందులోనూ మిద్దె ఎక్కితే కొండ కనబడే వీధిలో, ఆ ఒక్క దేవుడితో కాపురం చేయడం అంత తేలిక కాదు. ఎవరు కొండకు పోయొచ్చినా లడ్డు చిదిపి ఇంటింటికీ పంచుతారు. నాయన ఆజ్ఞ ఏమిటంటే, వేరే దేవుడి ముందు పెట్టింది మా నోట్లోకి పోకూడదు. "మన దేవుడు రోషం గలోడు. ఇంకొకరితో పొత్తుకు ఒప్పుకోడు" అనేవాడు. రోషం ఆయనది, నోరూరడం మాది.

మా గోడకు అవతల ఒక కోడలూ అత్తా ఉంటారు. కోడలూ మా అమ్మా ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. బట్టలారేస్తూ, కాయలు తరుగుతూ, మొగుళ్లను తిట్టుకుంటూ రోజంతా ఆ గోడ దగ్గరే. అత్తను మేమంతా అవ్వ అంటాం. దసరా ముందువెనకల వచ్చే పెరటాసి నెల శనివారాల్లో వాళ్లు తళిగ వేస్తారు. అరిటాకు నిండా పులుసన్నం, ఉద్దివడలు, చక్కెర పొంగలి రాశులు పోసి కొండమీది సామికి పెట్టి, కర్పూరం వెలిగించి, గోవిందా అన్నాకే ఇంటిల్లిపాదీ తింటారు. ఆయన తినేదాకా ఉప్పు సరిపోయిందా లేదా అని కూడా ఎవరూ నోట్లో వేసుకోకూడదు.

వాళ్లు ఆ ఇంటికి వచ్చిన మొదటి ఏడాది గిన్నెడు ప్రసాదం గోడమీదికి వచ్చింది. అమ్మ తల వంచుకుని మా ఆజ్ఞ సంగతి చెప్పింది. పక్కింటామె, "అంతేనా వదినా? సామికి పెట్టకముందే తీసిచ్చేస్తే?" అంది. నాయనను అడిగితే, ఆయన గడ్డం గోక్కుంటూ ఆజ్ఞనంతా అటూ ఇటూ తిప్పి చూసుకుని, "పెట్టనిది ఉత్త అన్నమే గదా" అన్నాడు. హమ్మయ్య! అప్పట్నుంచి ప్రతి పెరటాసి శనివారం, కర్పూరం వాసన రాకముందే గిన్నె గోడ దాటి వచ్చేది. అవతలివైపు దానికి అర్థమేమిటో మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

ఆ శనివారం నాయన రాత్రి షిఫ్టు వాళ్లను దింపేసి ఆకలిమీద వచ్చాడు. ఆకలి ఎంతంటే, ప్రార్థనలో మేనత్తతోనే సరిపెట్టేశాడు. పులుసన్నం ముద్ద నోట్లో పెట్టుకోగానే లేచి, పాపం మంచి మనసుతోనే, గోడ దగ్గరికి పోయి అరిచాడు.

"సెల్లెమ్మా! పులుసన్నంలో ఉప్పు మర్సిపోయినావు మా! సామికి ఇంకా పెట్టలేదు గదా, ఇప్పుడన్నా కలుపు!"

 అవతల నుంచి అవ్వ గొంతు వినబడింది.

"సామికి పెట్టకముందే పక్కింటాయనకు ఉప్పు లేదని ఎట్ల తెలిసె?"

కోడలు ఏదో సర్దిచెప్పబోయింది. అవ్వ వదిలే రకమా? సామి కంటే ముందు ఎవరికో పెడతావా, ఎంగిలి తళిగ వేస్తావా, ఇన్నేళ్ల నుంచీ ఇదేనా యవ్వారం అని ఇల్లు పీకి పందిరేసింది. చివరికి కోడలు ఏడుపు గొంతుతో అంది.

"ఏం సేసేది అత్తా? వాళ్ల సామికి రోషం ఎక్కువ. మన సామికి ఓపిక ఎక్కువ. ఆయనకు నేను సెప్పుకుంటానే ఉండా."

నాయన చేతిలో వడ చేతిలోనే ఉండిపోయింది. మా ఆజ్ఞ మేము తప్పకుండా ఉండటానికి, ఆమె తన ఆజ్ఞను ఏటేటా తప్పుతూ వచ్చింది. నాకూ సిగ్గేసింది. అయినా పొంగలి తిన్నాను, అబద్ధమెందుకు.

తర్వాత గోడ మూగబోయింది. పక్కింటామె బట్టలు మిద్దెమీద ఆరేసుకోవడం మొదలుపెట్టింది. అమ్మ చిక్కుడుకాయలు ఒక్కతే ఒలుచుకుంటూ గోడవైపు చూసేది. నాయనతో మాట మానేసింది. ఒకరోజు కంచం ఆయన ముందుకు తోసి, "ఒక్క దేవుడు, ఒక్క దేవుడని అరిసి అరిసి, నాకుండే ఒక్క మనిషినీ పోగొడితివి" అని కళ్లొత్తుకుంది. నాయన ఆరోజు ప్రార్థన కూడా మెల్లగా చేశాడు. మాకు భయమేసింది.

మరుసటి శనివారం పొద్దున్నే ఆయన తల దువ్వుకుని వాళ్ల గేటు దగ్గరికి పోయాడు. అమ్మా నేనూ గోడకు చెవులానించాం.

"పెద్దమ్మా, తప్పు నాది. ఆయమ్మను ఏమనొద్దు. ఇంకమీదట ముందర తీయొద్దండి. మీ సామి తిన్నాకనే ఇయ్యండి. మేం తింటాం."

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాయన నోట ఆ మాటా!

"మీ సామికి కోపం రాదా?" అంది అవ్వ.

"నేను సెప్పుకుంటాలే."

"వద్దులేప్పా. నువ్వు సెప్పి, ఆయన ఒప్పుకోక, రోడ్డుమీద నీకేమన్నా అయితే? ఆ పాపం మా తళిగ మీదికొస్తాది. పో, పో."

గేటు గొళ్లెం పడింది. ఆ శనివారం కర్పూరం వాసన వచ్చింది గానీ, గిన్నె రాలేదు. ఇక అంతేలే అని అమ్మ పప్పుకు పోపు పెట్టుకుంది.

పై శనివారం మేం కంచాల ముందు కూర్చోగానే మా గేటు కిర్రుమంది. చూస్తే అవ్వ! కుంటుకుంటూ, ఒక చెయ్యి గోడకు ఆనించి, రెండో చేతిలో గిన్నెతో వస్తోంది. వెనకాల కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటోంది.

"ఇది ముందర తీసిందీ కాదు, తర్వాత తీసిందీ కాదు" అంది అవ్వ, గిన్నె నాయన ముందు దించుతూ. "వేరే పొయ్యి, వేరే గిన్నె. నేనే వండినా. మా సామి దీని మొగం కూడా సూళ్లేదు. ఆయనకు పనికిరాకుండా ఉప్పు కూడా నోట్లో ఏసుకోని సూసినా. ఇంక తినప్పా."

అమ్మ లేచి పక్కింటామె చెయ్యి పట్టుకుంది. అవ్వ అబ్బా అని మూలుగుతూ మా గడపమీద కూర్చుని కాళ్లు చాపుకుంది. నాయన గిన్నె వైపు చూశాడు, కళ్లు మూసుకున్నాడు, మళ్లీ తన పాత గొంతుతో మొదలుపెట్టాడు. మేనత్త అయింది, మామ అయ్యాడు, ఆవు అయింది. పులుసన్నం చల్లారిపోతోంది. ఇంక ఆమెన్ అంటాడనుకుంటే, ఎన్నడూ లేనిది, "పక్కింటి పెద్దమ్మ మోకాలి నొప్పి కూడా తీసెయ్యి ప్రభువా" అన్నాడు.

గడపమీద నుంచి వెంటనే అందుకుంది అవ్వ.

"ఎడమది అని సెప్పప్పా. కుడిది బాగానే ఉండాది."