వైరు పెట్టని హెడ్‌ఫోన్లు

అప్పుడు నేను డిగ్రీ మొదటి సంవత్సరం. రోజూ ఉయ్యూరు నుంచి బస్సులో బెంజ్ సర్కిల్ దాకా వచ్చి, కాలేజీకి నడిచేదాన్ని. ఇంగ్లీషులో రీడింగ్‌తో పాటు లిజనింగ్ పరీక్ష కూడా ఉంటుందన్నారు. ఆడియో విని జవాబులకు టిక్ పెట్టాలి. తెలుగు మీడియంలో చదివినదాన్ని కదా, భయమేసి రెండు నెలల పాటు బస్సులో ఇంగ్లీషు వార్తలే విన్నాను. మా ఇంగ్లీషు సారు మాత్రం క్లాసులో ఒక్క ఆడియో కూడా వినిపించలేదు. పేపరు ఆయనదే కాబట్టి, "ఒకటి బి, రెండు డి" అంటూ ఇరవై జవాబులూ బట్టీ పట్టించారు.

పరీక్ష రోజు ల్యాబ్‌లో హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చప్పుడే లేదు. చెయ్యెత్తి, "సార్, ఏమీ వినపడట్లేదండీ" అన్నాను.

"అందరూ రాసేస్తుంటే నీకొక్కదానికే ఏమొచ్చిందమ్మా?" అని కసిరారు. క్లాసంతా నవ్వింది. సిగ్గుతో పక్కకి చూశాను. నా స్నేహితురాలు షబానా చకచకా టిక్కులు పెట్టేస్తోంది. దాని హెడ్‌ఫోన్ వైరు కంప్యూటర్‌కి పెట్టనే లేదు, బల్ల కింద వేలాడుతోంది. ముందు వరసలోనూ అంతే!

సారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "నేను చెప్పినవి గుర్తున్నాయిగా? అవే పెట్టేసి వెళ్ళు" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. అయినా ఫెయిలవుతానన్న భయంతో పెట్టేశాను.

ఇరవైకి ఇరవై వచ్చాయి. వారం తిరక్కుండా లిజనింగ్‌లో నూటికి నూరు శాతం ఫలితాలంటూ కాలేజీ గేటుకి ఫ్లెక్సీ కట్టారు. ఇప్పటికీ తలుచుకుంటే కోపం ఆగదు, అదీ సారు ఒక్కరి మీదే కాదు. ఆ ఫ్లెక్సీ మధ్యలో హెడ్‌ఫోన్ పెట్టుకుని నవ్వుతున్న అమ్మాయిని నేనే.