తెర దాటిపోయిన విండో

మార్కాపురంలో పెళ్లికార్డులు, కరపత్రాలు కొట్టే అబ్దుల్ రెహమాన్‌కు కంప్యూటర్లో రాని పని లేదు, ఒక్కటి తప్ప. తెర అంచు దాటి మాయమైన విండోను మళ్లీ కళ్లముందుకు తేవడం మాత్రం ఆయనకు పట్టుబడలేదు. అది పోగానే ఫోను తీసేవాడు. ఆ ఫోను తర్లుపాడులో మంచం మీదున్న సామ్యేలు దగ్గర మోగేది.

"సామ్యేలన్నా, మళ్లీ పోయింది."

"ఏంది భాయ్ పోయింది?"

"విండో. కింద పట్టీలో కనపడతాంది, నొక్కితే బయటికి రావట్లేదు."

"ఆల్ట్ పట్టుకొని స్పేసు కొట్టు. తర్వాత ఎమ్ము. ఇప్పుడు ఎడమ బాణం నొక్కతా ఉండు."

"ఆఁ, వచ్చేసిందన్నా. నువ్వు లేకపోతే నా గతేంది."

సామ్యేలు ఏళ్ల తరబడి ఆ దుకాణంలో రెహమాన్ పక్క కుర్చీలో కూర్చుని టైపు చేసినవాడు. బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుని ఇంటిపట్టున ఉన్నాడు. ఆయన చూసుకునే రెండో తెర కూడా అప్పుడే కాలిపోయింది. కానీ దాని వైరు ఇంకా తగిలించే ఉంది. దాంతో కంప్యూటరు ఆ తెర బతికే ఉందనుకుని విండోలను అటు పంపిస్తోంది.

"ఆ వైరు పీకి పారెయ్ భాయ్, పీడ వదులుతాది," అన్నాడు సామ్యేలు.

"పీకితే ఎట్లన్నా? నువ్వొచ్చినాక మళ్లీ తగిలించేది ఎవరు?"

ఇంత మొండివాణ్ణి సామ్యేలు ఇంకెక్కడా చూడలేదు.

ఆ ఫోనుకు వేళాపాళా లేదు. ఒక ఆదివారం కర్ర సాయంతో చర్చికి పోతే, అక్కడ అందరూ కళ్లు మూసుకుని ఉండగా మోగింది. సామ్యేలు తల వంచి, తువ్వాలు అడ్డం పెట్టుకుని "ఆల్ట్... స్పేసు... ఎమ్ము..." అని గొణిగాడు. పక్కనున్న వరప్రసాదం భక్తిగా ఆమేన్ అన్నాడు. ఇంటికొచ్చాక సామ్యేలు భార్య మగ్దలీనమ్మ అందుకుంది.

"మీ భాయ్ నెత్తిలో ఏమన్నా ఉందా? పసిబిడ్డకైనా ఈపాటికి వచ్చేసేది."

సామ్యేలు విసుక్కునేవాడే గాని, ఫోను మోగని పూట ఆయనకు పొద్దుపోయేది కాదు. వెనక ప్రింటరు చప్పుడు, టీ గ్లాసుల గలగల వినిపిస్తే ప్రాణం అక్కడికే లాగేది. కాలు కుదురుకుంది, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. అయినా వెళ్లాలంటే భయం. తన కుర్చీలో ఇంకెవరైనా కూర్చుని ఉంటే?

"ఇన్ని నెలలు నాకోసం దుకాణం ఆగుతాదా?" అన్నాడొకనాడు.

"పోయి చూసి రా. అది తేలకపోతే నువ్వు నిద్రపోవు, నన్ను పోనియ్యవు," అంది మగ్దలీనమ్మ.

మార్కాపురంలో ఆటో దిగి దుకాణం గుమ్మం దగ్గర ఆగాడు. కుర్చీ ఖాళీగా ఉంది. కాలిపోయిన తెర మీద దుమ్ము లేదు. రెహమాన్ ఇటు వీపు పెట్టి, కొమరోలు నుంచి పెళ్లికార్డు కోసం వచ్చినవాళ్లతో బేరంలో ఉన్నాడు. ఇంతలో కార్డు విండో అటు జారిపోయింది. రెహమాన్ మాట ఆపలేదు, తెర వైపు చూడను కూడా చూడలేదు. వేళ్లు వాటంతట అవే నాలుగు మీటలు కొట్టాయి. విండో బుద్ధిగా వెనక్కి వచ్చింది.

సామ్యేలు గుమ్మం పక్కకు జరిగి నిలబడ్డాడు.

వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. రెహమాన్ ఆ విండోను మౌసుతో తానే అటు తోసేసి, ఒక చేత్తో టీ గ్లాసు, ఇంకో చేత్తో ఫోను అందుకున్నాడు. సామ్యేలు జేబులో మోగిన మోత దోర్నాల బస్సు హారన్లో కలిసిపోయింది.

"సామ్యేలన్నా, మళ్లీ పోయింది."

సామ్యేలు ఫోను చెవికి ఆనించాడు.

"ఆల్ట్ పట్టుకో భాయ్."

"పట్టుకున్నా."

"స్పేసు."

"కొట్టినా."

"ఎమ్ము కొట్టేముందు ఆ గ్లాసు కింద పెట్టు."

రెహమాన్ గ్లాసు కింద పెట్టాడు. వెనక్కి తిరగకుండానే పక్క కుర్చీని కాలితో బయటికి లాగాడు.

"నీకూ ఒక టీ చెప్పనా అన్నా, లేకపోతే ఆడనే నిలబడి ఫోన్లో తాగుతావా?"

సామ్యేలు ఫోను చెవి దగ్గర పెట్టుకునే లోపలికి నడిచాడు.