మోషే అన్నకు నచ్చని నాలుగు మోటార్లు

మోషే అన్న అచ్చులో ఉన్నది ఏదీ నమ్మడు. బిస్కెట్ పొట్లం మీద బరువు రాసి ఉంటే దాన్ని కిరాణా కొట్టు తక్కెడలో వేయించి చూస్తాడు. మెట్రో రైల్లో తెర మీద నాగోల్ అని కనిపిస్తే, పక్కవాణ్ణి అడిగి మరీ దిగుతాడు. నాగోల్ ఆఖరి స్టేషను, దాని తర్వాత రైలు పోదు. అయినా అడుగుతాడు. ఒక్క బైబిల్‌ను మాత్రం నమ్ముతాడు, అదీ పేజీలన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకున్నాకే.

ఒకసారి ఐదు నిమిషాల్లో ఉప్మా అని రాసి ఉన్న పొట్లం తెచ్చుకొని, గడియారం ఎదురుగా పెట్టుకొని వండాడు. ఏడున్నర నిమిషాలు పట్టింది. మూడు రోజులు అన్నం సయించలేదు. "పోనీలే అన్నా, రెండున్నర నిమిషాలే కదా" అన్నాను. "రాసినోడు వండిండా?" అన్నాడు. ఆయనతో వాదన ఎప్పుడూ అక్కడే ఆగిపోతుంది.

ఇలాంటి మనిషి చేతిలో లూర్దమ్మ గారి బతుకుతెరువు పెట్టింది నేనే. ఆ పాపం నాది.

లూర్దమ్మ గారు నాచారంలో వంట చేసి, ముప్పై రెండు క్యారియర్లు సైకిల్‌కు తగిలించుకొని ఉప్పల్ ఫ్యాక్టరీల ఆఫీసులకు తెచ్చిస్తుంది. పదకొండేళ్లుగా నా మధ్యాహ్నం భోజనం ఆవిడదే. ఈ వానాకాలం కుడి మోకాలు గుమ్మడికాయంత వాచింది. వారం రోజులు డబ్బాలు అందకపోతే జనం ఫోన్లో తెప్పించుకోవడం మొదలుపెడతారు, ఇక తిరిగి రారు. అది ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

"డాక్టరు ఏమన్నాడండీ?" అని అడిగాను.

"ఏమంటడు సారూ, ఏం గాలేదన్నడు. సైకిల్‌కు మోటర్ పెట్టిచ్చుకుంటే సరిపోతది."

నేను నమ్మాను. నాకు తెలిసిన మోటార్ల మనిషి మోషే అన్న. నాచారంలో ముప్పై ఏళ్లు మోటార్ వైండింగ్ చేశాడు. ఇంతకన్నా మంచి మనిషి దొరకడని నా తెలివికి నేనే మురిసిపోయి, ఆయన దగ్గరికి వెళ్లాను.

ఒక్క పూట పని అనుకున్నాను. ఉప్పల్‌లో సైకిల్ మోటార్లు అమ్మే జీవన్ కుమార్, వెనక చక్రం మధ్యలో ఇమిడిపోయే చిన్న మోటారు ఒకటి నా చేతిలో పెట్టాడు. "లోపల గేర్లుంటయి సారూ, బరువుకు గిదే మంచిగుంటది. నచ్చకుంటే తెచ్చియ్యండ్రి, మార్చిస్త" అన్నాడు. ఆ చివరి మాట ఎందుకన్నానా అని తర్వాత అతను చాలా ఏడ్చాడు.

లూర్దమ్మ గారింటి ముందు మోషే అన్న మోటారును తిరగేసి, అంటించిన కాగితాన్ని గోటితో గీకాడు.

"రెండు వందల యాభై వాట్లని రాసుందన్నా."

"రాసినోడు తొక్కిండా?"

"తొక్కే ఉంటాడు."

"ముప్పై రెండు డబ్బాలు ఏసుకొని తొక్కిండా?"

మోటారు బిగించి, ఆయన లూర్దమ్మ గారి వైపు తిరిగాడు. "అక్కా, డబ్బాలు సదురు. నేను తొక్కి సూస్త. ఎవరిది యాడ ఇయ్యాల్నో జర కాయితం మీద రాసియ్యి." ఆవిడ చేతికందిన చీటీ వెనక పేర్లన్నీ రాసిచ్చింది. అరవై మూడేళ్ల మనిషి ముప్పై రెండు క్యారియర్లతో బయల్దేరాడు.

సాయంత్రం అడిగాను. "గుర్రుమంటున్నది" అన్నాడు. మోటారన్నాక చప్పుడు రాదా అంటే, సాంబారు బెదిరిపోతున్నదన్నాడు.

ఒక మోటారును ఒక రోజుతో తేలిస్తే ఆయన మోషే అన్న ఎందుకవుతాడు? సోమవారం నిండు ఛార్జింగ్‌తో, మంగళవారం సగం ఛార్జింగ్‌తో, బుధవారం ఎదురుగాలికి, గురువారం వానలో. గురువారం వాన పడకపోతే పడేదాకా ఆగాలి. పది రోజుల తర్వాత మొదటి మోటారు వెనక్కి పోయింది. గేర్లు లేని రెండోది బ్యాటరీ అయిపోగానే "మేకను తాడు గట్టి గుంజినట్టున్నది" అన్నాడు. ముందు చక్రానిది ఇసుకలో జారి, నా మిరియాల చారులో పక్కవాడి పెరుగు కలిసింది. పెడళ్ల దగ్గర బిగించే నాలుగోది మెట్రో పిల్లర్ల కింద చైను తెంపింది. ఆ రోజు మేం రెండున్నరకు తిన్నాం.

జీవన్ కుమార్ నన్ను చూడగానే చేతులు జోడించడం మొదలుపెట్టాడు. "సారూ, ఆయనకు నా దుకాణం తొవ్వ మర్చిపోయేటట్టు జెయ్యండ్రి" అన్నాడు. ఆఫీసులో వెంకటరామయ్య ఇంకో వారం చూసి ఫోన్లో తెప్పించుకుంటానన్నాడు. ఒకడు మొదలుపెడితే మిగతా ముప్పై ఒక్కరూ వెనకే పోతారు.

అన్నిటికన్నా కష్టం లూర్దమ్మ గారికి ముఖం చూపించడం. ఆవిడ కాలు స్టూలు మీద చాపుకొని వెల్లుల్లి ఒలుస్తూ కూర్చునేది. "గా మోటర్ ఎప్పుడు తేలతది సారూ? ఇంట్ల కూసొని కూసొని మొద్దునైతున్న. నా డబ్బాలోళ్లు నన్ను మర్చిపోతరు" అనేది. నేను తల వంచుకొని వచ్చేసేవాణ్ణి. మోషే అన్న పిచ్చివాడని ఉప్పల్‌లో నేను చెప్పని మనిషి లేడు.

ఆరో వారం బుధవారం తెగించి ఆయన ఇంటికి వెళ్లాను. ఉప్పు వేసిన వేణ్ణీళ్ల బకెట్‌లో రెండు కాళ్లూ పెట్టుకొని కూర్చున్నాడు.

"అన్నా, ఈరోజు ఏదో ఒక మోటారు తేల్చు. లేదా ఆ సైకిలు నేను తీసుకుపోతాను."

"గట్లనే తేలుద్దాం. గా పేర్ల చీటీ అందియ్యి, రేపటియి సూస్కోవాలె."

సైకిల్ బుట్టలోంచి చీటీ తీశాను. ఆ విసురులో అది తిరగబడింది. వెనక డాక్టరు రాత. ఆఫీసులో మందుల బిల్లులు చూసేది నేనే కాబట్టి ఎంత కోడి గీతలైనా చదవగలను. ఆరు వారాలు సైకిల్ తొక్కకూడదు. కాలు ఎత్తులో పెట్టుకోవాలి. మాట వినకపోతే ఆపరేషన్.

"ఇది చూశావా?"

"మొదటి దినమే సూసిన."

"మరి మోటారు?"

"మోటరుకేమున్నది, నువ్వు మొదలు తెచ్చిందే మంచిగున్నది."

ఆరు వారాలుగా ఈ మనిషి పరీక్ష పేరు చెప్పి ఆవిడ డబ్బాలు మోస్తున్నాడు. అయినా నా అనుమానం నాది. "రాసింది నమ్మవు కదా, డాక్టరు రాసింది ఎలా నమ్మావు?"

"యాడ నమ్మిన? ఆదివారం సర్చికాడ నిలబడి సూసిన. ఎనిమిది మెట్లు ఎక్కనీకె అక్క నాలుగుసార్లు ఆగింది."

"కాస్త ఆగమని ఆవిడకే చెప్పొచ్చుగా?"

"చెప్తే ఇంటదా? ఏం గాలేదని ఇంకో రెండు డబ్బాలు ఎక్కువ ఏసుకొని పోతది. గదే నేను పిచ్చోన్నంటే ఎవలైన నమ్ముతరు."

నాకు సిగ్గేసింది. ఆ మాటకు ఊరంతా సాక్ష్యం చెప్పి వచ్చింది నేనే కదా. శుక్రవారంతో డాక్టరు చెప్పిన గడువు తీరిపోతుంది, శనివారం మోటారు బిగిద్దామా అన్నాను.

"ఆరు అని రాసిండు" అని మోషే అన్న బకెట్‌లో కాళ్లు కదిపాడు. "మనం ఏడు సూద్దాం."

మర్నాడు ఆఫీసుకు ముందే లూర్దమ్మ గారింటికి వెళ్లాను. మోటారు తేలిందా అని అడిగింది. ఇంకా లేదండీ, మొదటిదాన్నే మళ్లీ చూడాలట, ఇంకో వారం పడుతుందట అన్నాను. తర్వాత వరసలో ఉన్న క్యారియర్లలోంచి పదహారు లెక్కపెట్టి నా స్కూటర్‌కు తగిలించుకోవడం మొదలుపెట్టాను.

"అవెటు సారూ?"

"సగం బరువుతో ఆ మోటారు ఎలా నడుస్తుందో కూడా చూడాలటండీ."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "గా పిచ్చోనితోని తిరిగి మీరు గూడ గట్లనే అయిన్రు" అంది. అని, కాలు మళ్లీ స్టూలు మీద పెట్టుకుంది.