బోర్డు మీద ఒక్క బిళ్ళ

ముందే ఒప్పుకుంటున్నాను, నేను కోతలు కోస్తాను. నేను చెబితే పిల్లి పులవుతుంది, చినుకు గోదావరి వరదవుతుంది. కనుక ఈ సమ్మె ముచ్చటలో నాకు నలభై దెబ్బలు పడ్డాయని రాస్తే మీరు పదిహేను అనుకోండి. అంతకంటే తగ్గించకండి, నా వీపు ఒప్పుకోదు.

అప్పుడు నేను మందమర్రిలో ఫిల్లరును. అంటే బొగ్గుబాయిలో తట్టలతో బొగ్గెత్తి టబ్బులు నింపేవాణ్ణి. బాయిలోకి దిగే ప్రతివాడికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది. దీపాల గదిలో ఆ బిళ్ళ ఇచ్చి తలకు పెట్టుకునే దీపం తీసుకోవాలి. బిళ్ళను అక్కడి బోర్డుకు తగిలిస్తారు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాం. బోర్డు మీద బిళ్ళ ఉందంటే మనిషి భూమి లోపల ఉన్నట్టే. బాయిలో పైకప్పు కూలిన రోజున ఆడవాళ్ళు ఆకాశం వైపు చూసేవారు కాదు, ఆ బోర్డు వైపు చూసి ఏడ్చేవారు.

సమ్మెకు ముందురోజు సంఘం పెద్దమనిషి గేటు ముందు మీటింగు పెట్టాడు. ఆయన గొంతెత్తితే బొగ్గు తనంతట తానే రాలి టబ్బుల్లో పడేది.

"సమ్మె చేసుడు మన హక్కు. గేటుకాడ నిలవడి, పొయ్యేటోని బతిలాడుడు గూడ హక్కే. చెయ్యి లేపితే మాత్రం హక్కు కాదు, కేసు."

"పెద్దన్నా, లోపలికి పోతనన్నోనికి గూడ హక్కుంటదా?" అని అడిగాను.

"ఉంటది. కని గా మాట జర మెల్లగ అడుగు తమ్మీ."

ఆ సాయంత్రం పైకొచ్చి, దీపం అప్పజెప్పి, ఊరేగింపులో పడి, బిళ్ళ తీసుకోవడం మరిచిపోయాను.

మర్నాడు పొద్దున గేటు దగ్గర వెయ్యి మందిమి. సరే, రెండు వందల మందిమి. కర్రలు మాత్రం నిజంగానే వెయ్యి, తలా అయిదు తెచ్చుకున్నట్టున్నారు. నీళ్ళు తోడే పంపు మనుషులను సంఘమే లోపలికి వదిలింది, వాళ్ళ బిళ్ళలు వేరే పలక మీద ఉంటాయి. దీపాల గది చూసుకునే చాచానూ వదిలింది. మా పెద్ద బోర్డు మాత్రం బోసిగా ఉండాలి. చూసి రమ్మని పంపిన మనిషి కిటికీ అద్దంలోంచి తొంగిచూసి వచ్చాడు.

"ఒక్క బిళ్ళ ఉన్నదే. ఎవడో దిగిండు."

గుంపు భగ్గుమంది. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. "పైకి రానియ్యుండ్రి. వాని కాళ్ళిరిసి కోళ్ళగంపల వెడ్త" అన్నాను. నా పక్కన నా జోడీ ఫిల్లరు నిలబడ్డాడు. ఇద్దరం ఒకే టబ్బు నింపేవాళ్ళం. ఎదురొచ్చిన దున్నపోతు కూడా అతనికి దారి ఇచ్చేది. నా మాటకు మెచ్చుకోలుగా తల ఊపి, "నంబరెంత?" అని అడిగాడు.

చూసొచ్చినవాడు నంబరు చెప్పాడు. రోజూ హాజరు పిలుపులో అందరూ వినే నంబరే. రెండు వందల తలలు నెమ్మదిగా నా వైపు తిరిగాయి.

"నేనీడనే ఉన్న కదనే" అన్నాను.

"బిళ్ళ అబద్ధమాడది. నువ్వాడుతవు" అన్నాడు నా జోడీ. "రాత్రి దిగి గాలిబాయిలకెళ్ళి ఎక్కొచ్చినవ్." బాయిలోకి గాలి ఆడేందుకు తవ్విన వేరే దారి అది.

వాళ్ళను తప్పుపట్టలేను. శవాలను కూడా బిళ్ళలు చూసే వెతికిన మనుషులం. బోర్డుకూ మనిషికీ పేచీ వస్తే మేం బోర్డునే నమ్ముతాం.

మొదటి దెబ్బ నా కర్రతోనే పడింది. నా జోడీ దాన్ని నా చేతిలోంచే గుంజుకున్నాడు. తర్వాత ఏ కర్ర ఎవరిదో తెలియలేదు. మోకాళ్ళ మీద, మెడ మీద, పడ్డాక కడుపులో కాళ్ళతో. ఒక పన్ను ఊడి నాలుక మీద పడింది. ఎడమచెయ్యి విరిగిన చప్పుడు విన్నాను, ఎండిన కందికట్టె విరిచినట్టు. దీన్ని పెంచి చెప్పడం నాకే చేతకావడం లేదు.

అంతలో ఎవరో అన్నారు: "వీని ఇంటి గోడ మీద సున్నంతోని దొంగ అని రాయుండ్రి." కర్రల కంటే దానికే వణికాను. ఆ రాత పడితే బోరింగు దగ్గర నా భార్య బిందెకు వంతు రాదు, నా పిల్లలతో ఎవరి పిల్లలూ ఆడరు. చెయ్యి అతుకుతుంది, పేరు అతకదు.

నా బిళ్ళ బోర్డు మీద ఉందని విని, లోపల చిక్కుకున్నాననుకొని నా భార్య ఉరికొచ్చింది. నేల మీద నన్ను చూసింది, నా జోడీ చేతిలో కర్ర చూసింది.

"బిళ్ళ చూసిండ్రు. దీపం చూసిండ్రా?" అంది. "ఇంట్ల దీపం మలిపితే మంచం ఏడున్నదో తెల్వదు ఈనకు. గంత చీకట్ల ఎట్ల దిగిండు?"

పెద్దమనిషి దీపం చూపించమని చాచాను కేకేశాడు. చాచా దీపాల గది గడియ తీసేలోపే గుంపు మీదపడి కిటికీ అద్దాలు పగలగొట్టింది. ఒక పెంకు చాచా కనుబొమ్మను చీరేసింది. కారుతున్న రక్తాన్ని మోచేత్తో తుడుచుకుంటూనే ఆయన నా దీపం తెచ్చి పైకెత్తాడు.

"నిన్న పొద్దుమీకి పెట్టిన. గీడనే ఉన్నది, కదలలే. ఇగ నన్ను గూడ కొడ్తరా?"

కర్రలు దిగాయి. నా జోడీ నన్ను భుజాన వేసుకొని దవాఖానకు మోశాడు. దారి పొడుగునా "మాఫ్ చెయ్యి తమ్మీ, చెయ్యి జారింది" అంటూనే ఉన్నాడు. ఒక మనిషి చెయ్యి అన్నిసార్లు జారడం నేనెక్కడా చూడలేదు. గోడ మీద సున్నం పడలేదు.

ఇక నేను కల్పించిన ముక్క. దున్నపోతు కాదు, వెయ్యి కర్రలు కాదు. బిళ్ళ మరిచిపోయానన్న మాట. మరిచిపోలేదు. సమ్మె ఓడి మనుషులను తీసేస్తే, "నేను పనిలోనే ఉన్నాను, నా బిళ్ళ చూడండి" అని చెప్పుకోవచ్చని కావాలనే వదిలి వచ్చాను. దీపం సంగతి నాకు తట్టలేదు.

దవాఖానలో చేతికి కట్టు కడుతుంటే నా భార్య మెల్లగా అడిగింది: "నిజంగనే మరిసినవా?"

"మరిసిన" అన్నాను.

ఆమె కొంగుతో నా పెదవి మీది రక్తం తుడిచింది. గుమ్మంలో నిలబడ్డ నా జోడీ మళ్ళీ మాఫీ అడిగాడు. చేశాను.