పేరు చాటి తీసుకునే ఆవిడ

సమోవాలో తాను చదివిన చర్చి స్కూలు కోసం ఆవిడ ఇక్కడ డబ్లిన్‌లో పూర్వ విద్యార్థుల సంఘం నడుపుతున్నారు. అక్కడి పిల్లలకు కుర్చీలు లేవు. విరాళంగా వచ్చే కుర్చీలతో మధ్యాహ్నం ఓడరేవుకు బయల్దేరాల్సిన కంటైనర్ ఇంకా సగం ఖాళీ.

ఎవరేం ఇచ్చినా దాన్ని తలకంటే ఎత్తుగా పట్టుకుని, ఇచ్చినవారి పేరు వీధంతా వినేలా చాటడం సమోవావాళ్ల ఆచారం.

"పాత కుర్చీకి ఇంత అనౌన్స్‌మెంటా, అంకుల్!" విలేకరినైన నన్ను డ్రైవ్ చేసి తెచ్చిన పక్కింటమ్మాయి నవ్వింది.

ఆ కేకలకే చుట్టుపక్కలవాళ్లు కుర్చీలు మోసుకొచ్చారు! చివరికి ఒక్క కుర్చీకే చోటు మిగిలింది. ఆవిడ చూపు నేను కూర్చున్న, ఇంటి నుంచి తెచ్చుకున్న మడత కుర్చీ మీద పడింది. నవ్వుతూ లేచి ఇచ్చేశాను.

పత్రికలో ఎందరి పేర్లో అచ్చు వేయించాను. నా పేరు అలా మోగడం మాత్రం అదే మొదలు.